దేవుని గురిగి

మా వంటింట్లో పొయ్యికి ఎడమపక్కన రెండు గురుగులుండేవి. ఒకదాంట్లో గళ్ళుప్పు. రెండోది దేవునిది. రెండూ ఒకే సంతలో కొన్నవే, పొగకి రెండూ ఒకేలా నల్లబడ్డవే. ఉప్పు గురిగికి మూత లేదు. దేవుని గురిగి మీద మాత్రం అంచు విరిగిన మూకుడొకటి బోర్లించి ఉండేది. ఉప్పు కావాలంటే పరిగెత్తుకెళ్ళి చెయ్యి పెట్టేసేవాణ్ణి. రెండో దాని పక్కన కూర్చోవాలన్నా భయమే.

పొద్దున ఒకసారి, మాపటేళ ఒకసారి, వంటకి గింజలు తీసినప్పుడు అందులోంచి ఒక గుప్పెడు ఆ గురిగిలో పడేది. దాన్ని 'గుప్పెడు బియ్యం' అనేవాళ్ళు. పేరుకే బియ్యం. మా ఇంట్లో ఏడాదిలో ఎనిమిది నెలలు ఆ గుప్పెట్లో ఉండేది జొన్నలే.

మాది ఖమ్మం జిల్లా. డోర్నకల్ నుంచి బెజవాడ పోయే రైలుదారికి రెండు కోసుల లోపల మా ఊరు. వాడ మధ్యలో మా క్రైస్తవుల పెంకుల గుడి. గంటకి బదులు వేపకొమ్మకి వేలాడదీసిన రైలుపట్టా ముక్క. గుడిలో వాక్యం చెప్పే ఉపదేశిగారు ఇనుప కమ్మీతో దాన్ని కొడితే చెరువవతల పొలాల్లోకి వినపడేది. ఆదివారం ఆడవాళ్ళు వారం గింజలు కొంగున మూటగట్టి తెచ్చి, బల్ల ముందు పెట్టిన వెదురుగంపలో పోసేవాళ్ళు. బియ్యం, జొన్నలు, సజ్జలు, ఒక్కోసారి నాలుగు పెసలు, అన్నీ ఒకే గంపలో. మగవాళ్ళకి కానుకల సంచి వచ్చేది. అందులో చెయ్యి పెడితే ఎంత వేశారో పక్కవాడికి కూడా తెలియదు. గంప దగ్గర ఆ చాటు లేదు. ఎవరి మూట ఎంతో అందరూ చూసేవాళ్ళే. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట మా వాడ ఆడవాళ్ళకి ఎలా కుదురుతుందో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ గింజల్లో సగం ఉపదేశిగారి ఇంటికి. ఆయనకి జీతమనేది ఉన్నా, అది నెలనెలా వచ్చే జీతం కాదు. మిగతాది కన్నూ కాలూ ఆగిన ముసలివాళ్ళకి, మంచాన పడ్డవాళ్ళకి. ఉపదేశిగారి భార్య ఆదివారం మధ్యాహ్నమంతా చాట ముందేసుకుని సజ్జలు సజ్జలు, జొన్నలు జొన్నలుగా వేరుచేస్తూ కూర్చునేది. పిల్లలం వెళ్ళి సాయం చేసేవాళ్ళం. ప్రతిఫలంగా తలా కాసిని పచ్చిబియ్యం నోట్లో వేసుకోనిచ్చేది. దేవుడికిచ్చింది తింటున్నామని లోపల కొంచెం గుబులు. అయినా బాగుండేవి.

మా నాయనమ్మకి ఈ గుప్పెడు సంగతి ఎవరు నేర్పారంటే "బిషప్పుగారు" అనేది. ఆమె చిన్నప్పటి సంగతి. బిషప్పుగారంటే వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. తిరునెల్వేలి వైపు పల్లెలో 1874లో పుట్టిన తమిళుడు. 1909లో డోర్నకల్ చేరి, తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో మన దేశస్థుడు ఆ స్థానానికి రావడం అదే మొదలు. ఊరూరా తిరుగుతూ, బాప్తిస్మం పొందినవాళ్ళ చేత తల మీద చెయ్యి పెట్టించి, "నేను బాప్తిస్మం పొందాను, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అనిపించేవారట. నాయనమ్మ ఈ మాట చెప్పేటప్పుడు తెలియకుండానే ఆమె చెయ్యి నెత్తి మీదికి పోయేది.

ఆయన్ని గురించి నేను తెలుసుకున్నది చాలాకాలం తర్వాత, హైదరాబాదులో చదువుకునేటప్పుడు. అప్పటిదాకా బిషప్పుగారంటే కోటు తొడుక్కున్న దేవదూత లాంటి మనిషని నా ఊహ. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు సొంతంగా ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నారు. దాని వెనకున్నవారిలో ఈయనొకరు. పరాయి దేశం డబ్బు అడగకుండా, మన మనుషులతో మన డబ్బుతోనే పని నడవాలన్నది వాళ్ళ పంతం. ఆ సంఘమే డోర్నకల్ ప్రాంతానికి మనుషుల్ని పంపింది. అంటే మా వాడకి సువార్త తెచ్చిన కాళ్ళకి దారిఖర్చు పెట్టింది తాటిచెట్ల నీడన బతికే తమిళ పల్లెల జనం. మా నాయనమ్మ గురిగి కంటే ముందు, ఆమెకి భాష కూడా తెలియని ఎవరి వంటింట్లోనో ఇంకో గురిగి ఉందన్నమాట. ఈ సంగతి తెలిసిన రోజు నేను లైబ్రరీలో పుస్తకం మూసేసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

ఇంకోటి కూడా అక్కడే చదివాను. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన తెల్లదొరల ఎదుట నిలబడి అన్నమాట. బీదలను పోషించడానికి మీ ఆస్తులిచ్చారు, కాల్చబడడానికి మీ శరీరాలిచ్చారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులనివ్వండి అని. ఇచ్చినవాళ్ళ మొహాన అలా అనడానికి ఎంత గుండె కావాలి! పుచ్చుకున్న చెయ్యి కిందే ఉండాలని కదా లోకం అనుకునేది.

ఒకసారి నాయనమ్మ నన్ను డోర్నకల్ తీసుకెళ్ళింది. ప్యాసింజరు బండిలో, ఒళ్ళో రెండు జొన్నరొట్టెలూ ఉల్లిగడ్డా మూటగట్టుకుని. అక్కడి పెద్దగుడి చూసి నేను తికమకపడ్డాను. గుమ్మటాలు మసీదుకున్నట్టు, స్తంభాలు గుళ్ళో మండపానికున్నట్టు. "ఇది మనదేనా?" అని అడిగాను. ఆ గుడి కట్టడానికి డబ్బు చాలక ఏళ్ళ తరబడి ఆగి, చివరికి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. నాయనమ్మ గోడకి అరచెయ్యి ఆనించి, "ఇండ్ల నా గింజలు గూడ ఉన్నయి బిడ్డా" అంది. ఎక్కడున్నాయో అని నేను రాళ్ళ సందుల్లో వెతికాను. గుడి పక్కనే బిషప్పుగారి సమాధి. 1945 జనవరి 1న పోయారు. సమాధి దగ్గర నాయనమ్మ ఏం ప్రార్థన చేసుకుందో తెలియదు గానీ, తిరుగుబండి తప్పిపోయి రాత్రంతా స్టేషన్లో పడుకున్నాం.

నాయనమ్మ కూలికి పోయేది. కోతలయ్యాక చేలో రాలిన వెన్నులు ఏరుకోవడానికి పోయేది. దాన్ని మా వైపు 'పరిగె' అంటారు. బైబిల్లో రూతు చేసింది కూడా అదే పని, మాట కూడా అదే. కోత కోసేటప్పుడు పొలం అంచుల దాకా కోయొద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, అది బీదలకీ పరదేశులకీ విడిచిపెట్టమని లేవీయకాండంలో ఉంది. మా ఊరి దొరకి లేవీయకాండం తెలియదు. అయినా పరిగె ఏరుకోనిచ్చేవాడు. ఊరి మామూలు అంతే. పరిగె తెచ్చి, కొట్టి, చెరిగి, మొదటి చాటెడు పక్కకి తీసేది నాయనమ్మ. ఏరుకున్నదాంట్లోంచి కూడానా అని అక్క ఒకసారి అడిగితే, "ఏరుకునుడు కష్టం గాదా ఏంది?" అంది.

కానీ ఎలకల గింజలు మాత్రం దేవుడికి పెట్టేది కాదు. వరిచేల గట్లలో ఎలకలు బొరియలు తవ్వి లోపల వెన్నులు దాచుకుంటాయి. పలుగుతో తవ్వితే ఒక్కో బొరియలో మానెడు, రెండు మానికలు దొరికేవి. మాకు అదో పండగ. ఆ గింజలు వండుకునేవాళ్ళం గానీ గురిగిలో వేయనిచ్చేది కాదు. "ఎలక కడుపు గొట్టి తెచ్చినయి. మన కడుపుకైతే సరే, దేవుడికి ఎట్ల పెడ్తం?" అనేది. దావీదు రాజు యెబూసీయుడైన అరౌనా కళ్ళం దగ్గర అన్నమాట ఆమె ఎన్నోసార్లు విని ఉంటుంది. అరౌనా కళ్ళం, ఎడ్లు ఊరికే తీసుకొమ్మంటే, వెల ఇవ్వకుండా తీసుకున్నది నా దేవుడికి అర్పించనని చెప్పి ఏబది తులాల వెండికి కొన్నాడు దావీదు. నాయనమ్మకి చదువు రాదు. వాక్యం చెవుల్లోంచి లోపలికి పోయి, అక్కణ్ణుంచి ఎలకబొరియ దాకా వెళ్ళింది.

కోత పండుగ సంగతి చెప్పకపోతే మా ఊరివాళ్ళు ఊరుకోరు. పంటలు ఇంటికొచ్చాక ఒక ఆదివారం. గుడి గుమ్మానికి వరికంకుల తోరణం, లోపల బల్ల కనపడకుండా గుమ్మడికాయలు, చెరుకుగడలు, అరటిగెలలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ప్రసంగం జరుగుతుండగా కోళ్ళు ఆమెన్ చెప్పేవి. ఆరాధనయ్యాక బయట వేపచెట్టు కింద వేలంపాట. పాడుకున్న వస్తువుని "మళ్ళీ దేవుడికే" అని తిరిగి బల్ల మీద పెట్టేసే మర్యాద ఒకటుండేది. అలా ఒకే కోడిపుంజు నాలుగుసార్లు అమ్ముడుపోయేది. ఒక ఏడు మా నాన్న సెలవు మీద వచ్చి, అందరూ చూస్తుండగా అయిదు రూపాయలకి పుంజుని పాడాడు. అమ్మ మొహంలో కోడికూర కనపడింది నాకు. నాన్న పుంజుని గాల్లోకి ఎత్తి "మళ్ళీ దేవుడికే!" అన్నాడు. జనం చప్పట్లు. అమ్మ కొంగు సర్దుకుని ఇంటికి నడిచింది. ఆ వారమంతా మాకు పచ్చిపులుసే. నాన్న ఔదార్యం గురించి ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

1972లో వానల్లేవు. చెరువు అడుగు పగుళ్ళిచ్చి, మేము అందులో గోళీలాడాం. నాన్న కొత్తగూడెం వైపు బొగ్గుబావిలో బదిలీ కూలీ. పని దొరికిన రోజే జీతం. మనియార్డరు రెండు నెలలుగా లేదు. కంట్రోల్ షాపు జొన్నలు వచ్చినవి వచ్చినట్టే అయిపోయాయి. ఒక శనివారం సాయంత్రం అమ్మ కుండలన్నీ వెతికింది. ఏమీ లేదు. గురిగిలో మాత్రం వారం గింజలున్నాయి, అప్పటికి ఆమె స్వయంగా వేసినవి.

అమ్మ మూకుడు తీసింది. నాయనమ్మ గుమ్మంలో నిలబడి, "అది మనది గాదు" అంది.

"పొద్దుగాల మనదే గదత్తా."

"ఏసినంక మనది గాదు."

అమ్మ గొంతు పెంచగా నేను విన్నది ఆ ఒక్కసారే. "దేవునికి ఆకలైతదా అత్తా? పిల్లలకైతది."

నాయనమ్మ ఏమీ అనలేదు. మా ముగ్గురి వైపూ చూడను కూడా చూడలేదు. గోడకున్న తువ్వాల తీసుకుని చీకట్లో షావుకారు ఇంటికి పోయింది. చాలాసేపటికి రెండు మానికల జొన్నలతో వచ్చింది. పనులు మొదలైతే కూలిలో పట్టుకునేట్టు మాట. అప్పటికి తమ్ముడు నిద్రపోయాడు. వాణ్ణి లేపి గటక తినిపించారు. పొద్దున నాయనమ్మ గురిగిని చేతులతో పట్టుకుని గుడికెళ్ళింది. అమ్మ ఆ ఆదివారం గుడికి రాలేదు.

సోమవారం పొద్దున నేను నిద్ర లేచేసరికి అమ్మ ఇసుర్రాయి ముందు కూర్చుని ఉంది. నాయనమ్మ ఇంట్లో లేదు. చూసేవాళ్ళెవరూ లేరు. అమ్మ జొన్నల్లోకి చెయ్యి పోనిచ్చి, గుప్పెడు తీసి, కూర్చున్నచోటి నుంచే వెనక్కి వంగి గురిగిలో వేసింది. నన్ను చూసింది. నేను అడగకముందే, "చెయ్యి అలవాటైంది" అంది. కోపంగానే అంది.

నేను చాలా ఏళ్ళు ఈ కథని నాయనమ్మ కథగా చెప్పుకుంటూ వచ్చాను. యువజన కూడికల్లో సాక్ష్యంగా కూడా చెప్పాను. పిల్లలు పస్తున్నా దేవుని భాగం ముట్టని ముసలమ్మ. వినేవాళ్ళు తలలూపేవాళ్ళు. అప్పులో ఉన్న ఆ రెండు మానికల సంగతి ఒక్కోసారి చెప్పేవాణ్ణి, ఒక్కోసారి వదిలేసేవాణ్ణి. చెప్పకపోతే కథ ఇంకా బాగుండేది.

ఈ మధ్య, రిటైరయ్యాక, హైదరాబాదులో మా వంటింటి తూకం మీద గుప్పెడు బియ్యం పోసి చూశాను. 60 గ్రాములు. ఏం చేస్తున్నావని మా ఆవిడ అడిగితే ఊరికే అన్నాను. రోజుకి రెండు గుప్పెళ్ళు, వారానికి పద్నాలుగు. 840 గ్రాములు. ఏడాదికి 44 కిలోలకి కొంచెం తక్కువ. నా గుప్పెట పెద్దది, ఆడవాళ్ళది కాస్త చిన్నదనుకున్నా ముప్పై అయిదు కిలోలకి తగ్గదు. ఆ ముప్పై అయిదు కిలోలు ఎవరి కంచంలోంచి తగ్గాయి? పిల్లలకి ముందు పెట్టేవాళ్ళు, మాకు తగ్గలేదు. నాన్న ఉంటే నాన్నకి తగ్గలేదు. నాయనమ్మ పెద్దది, పైగా కూలికి పోయే మనిషి, ఆమెకి తగ్గనిచ్చేవాళ్ళు కాదు. చివరికి తినేది అమ్మ. "నువ్వు తినవా?" అంటే "తిన్నలే" అనేది. ఎప్పుడు తిన్నదో చూసినవాళ్ళు లేరు. కుండ అడుగు గీకిన చప్పుడు మాత్రం పక్కలో పడుకున్న నాకు వినపడేది.

యేసు కానుకపెట్టె ఎదుట కూర్చుని జనం డబ్బులు వేయడం చూస్తున్నాడని మార్కు 12వ అధ్యాయంలో ఉంది. బీద విధవరాలు రెండు కాసులు వేసింది. మిగతావాళ్ళు సమృద్ధిలోనుంచి వేశారు, ఈమె తన లేమిలో తన జీవనమంతా వేసిందన్నాడు. నేను ఆ వాక్యం చదివినప్పుడల్లా నాయనమ్మే గుర్తొచ్చేది. అమ్మకి వయసు మీదపడ్డాక, వయోజన విద్యలో అక్షరాలు కూడబలుక్కుని బైబిలు చదవడం నేర్చుకుంది. ఒకరోజు వేలు పెట్టి ఈ భాగమే చదువుతూ ఆగి, "ఈమెకి ఇంట్ల అడిగేటోళ్ళు లేరు గదరా" అంది. "ఏసింది ఏసింది, ఆమెకి ఆమే తక్కువ తిన్నది. నాకు ముగ్గురు పిల్లలుండిరి."

నేను పండితుణ్ణి కదా, సారెపతు విధవరాలి కథ తీశాను. కరువులో ఆమెకి మిగిలింది తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె. అది కొడుకూ తానూ తిని చచ్చిపోదామనుకున్నది. ఏలీయా ముందు నాకు అప్పం చేసి తెమ్మంటే తెచ్చింది. "ఆమెకి కొడుకున్నాడు కదమ్మా" అన్నాను.

అమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఆమె తొట్టిల పిండి తగ్గలే. మన కుండల తగ్గింది."

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆ విధవరాలి వాక్యానికి సరిగ్గా ముందున్న వాక్యం మీద నేను ఒక్క ప్రసంగమూ వినలేదు. విధవరాండ్ర ఇళ్ళు దిగమింగుతూ, పైకి పొడుగాటి ప్రార్థనలు చేసే శాస్త్రుల్ని యేసు హెచ్చరించిన వెంటనే ఈ విధవరాలు వస్తుంది. కానుకల ఆదివారం నాడు మాత్రం అందరూ ఆమె దగ్గరే మొదలుపెడతారు. ఒకసారి పట్నంలో పెద్ద మైదానంలో సభకి తీసుకెళ్ళారు. పేరు చెప్పను. వేదిక మీదాయన, వెయ్యి రూపాయల విత్తనం వేయండి, నూరంతలు కోయండి అన్నాడు. మలాకీ గ్రంథం తెరిచి, సంపాదనలో పదో భాగం దేవుడికివ్వడం గురించి గంటసేపు చెప్పాడు. నా పక్కన కూర్చున్న పాచిపని చేసుకునే ఆవిడ పర్సులోంచి మడతలు మడతలుగా ఉన్న నోట్లు తీసి లెక్కపెట్టుకుంటోంది. ఒకటి వెనక్కి పెట్టుకుంది. మళ్ళీ తీసింది. నాకు ఆ వెనక్కి పెట్టుకున్న క్షణమే గుర్తుంది. నాయనమ్మ నూరంతల మాట ఎప్పుడూ ఎత్తలేదు. వేసినంక మనది కాదన్నది ఆమె లెక్క, అంతే. పౌలు కొరింథీయులకి రాస్తూ సణుక్కోకుండా, బలవంతం లేకుండా ఇవ్వమన్నాడు, దేవుడు ఉత్సాహంగా ఇచ్చేవాణ్ణి ప్రేమిస్తాడన్నాడు. అమ్మ సణిగింది. సణుగుతూనే ఇచ్చింది. ఆ ఇచ్చినదాన్ని దేవుడు ఏ లెక్కలో రాసుకున్నాడో.

నా సంగతికొస్తే, నెలనెలా ఒకటో తారీకున నా ఖాతాలోంచి సంఘానికి డబ్బు దానంతటదే వెళ్ళిపోతుంది. బ్యాంకువాళ్ళకి ఎప్పుడో చెప్పిపెట్టాను. ఫోను ఒకసారి మోగుతుంది. చూస్తే చూస్తాను, లేకపోతే లేదు. పదో భాగం కంటే కాస్త ఎక్కువే. ఆ రోజు మా ఇంట్లో ఎవరి కంచంలోనూ ఒక్క మెతుకు తగ్గదు. తగ్గాలని కాదు నేననేది, అమ్మ కంచం చూశాక ఆ మాట నా నోట రాదు. కానీ ఇచ్చినట్టే ఉండదు.

అమ్మకి ముసలితనంలో పెన్షన్ వచ్చేది, 2016 రూపాయలు. నేను పంపే డబ్బు నేను పంపేవాణ్ణే. అది పిల్లాడి డబ్బని విడిగా డబ్బాలో పెట్టేది. పెన్షన్ తన సొంతం. అందులోంచి 216 తీసి, 1800 కొంగున ముడేసుకునేది. పదో భాగం 201 రూపాయల 60 పైసలే కదమ్మా అంటే, "చిల్లర ఎవడిస్తడు?" అనేది. ఆ 216లో వంద గుడికి. మిగతా నూటపదహారు ఎదురింటి ముసలామెకి. ఆమెకి వేళ్ళు అరిగిపోయి మిషను మీద ముద్ర పడక పెన్షన్ ఆగిపోయింది. కులం వేరు, దేవుడు వేరు. ఆమె ఏనాడూ మా గుడి గుమ్మం తొక్కలేదు. ఇది దశమభాగంలోకి వస్తుందా అని ఒకాయన, సంఘంలో పెద్ద, అమ్మని అడిగాడట. అమ్మ ఏమన్నదో నాకు చెప్పలేదు. ఆ పెద్దాయన మాత్రం మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఒక సంక్రాంతికి వెళ్ళినప్పుడు అడిగాను. "1972లో ఆ రోజు నాయనమ్మ మీద కోపం పోయిందా?" అని.

"ఎందుకు పోతది?" అంది. కాసేపాగి, "ఆ రెండు మానికల అప్పు నాలుగు నెలలు కట్టినం. కలుపు తీసి నేనే కట్టిన. మీ నాయనమ్మకి అప్పటికే నడుం పడిపోయింది."

అప్పు ఎవరు తీర్చారని నేను అన్నేళ్ళూ అడగనే లేదు.

నాయనమ్మ పోయినప్పుడు ఆమెకి నీళ్ళు పోసి, చీర మార్చి, పెట్టెలో పెట్టే ముందు నుదుటిమీద ముద్దుపెట్టుకుంది అమ్మే. వాళ్ళిద్దరూ ఆ వంటింట్లో ఇరవై ఆరేళ్ళు ఒకే పొయ్యి మీద వండారు.

అమ్మ పోయి ఏడాదైనప్పుడు ఊళ్ళో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. తాళం వేసి ఉన్న ఇల్లు తీశాం. కట్టెలపొయ్యి ఎప్పుడో పోయింది. ఆ చోట గ్యాసుబండ. నలభైమందికి భోజనాలు. మా అక్క గుండిగలో బియ్యం పోసి కడగడానికి కూర్చుంది. రిటైరైన టీచరు, మోకాళ్ళు నొప్పులు, చిన్న పీట మీద ఓరగా కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడి వంటవాడితో మాట్లాడుతున్నాను. అక్క నీళ్ళు పోయబోతూ ఆగింది. బియ్యంలోకి చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, చూడకుండానే చెయ్యి ఎడమపక్కకి చాపింది. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది.

"గురిగి ఏదిరా?" అంది.

నాకు తెలియదన్నాను. అటకమీదేమో అన్నాను. ఎప్పుడో పగిలి ఉంటుందన్నాను. అక్క గుప్పెట విప్పలేదు. బియ్యం గుండిగలో మళ్ళీ వేయడానికి మనసొప్పలేదు కాబోలు, కాసేపు అటూ ఇటూ చూసింది. చివరికి ఎడమచేత్తో కొంగు లాక్కుని, ఆ గుప్పెడూ అందులో పోసుకుని, పంటితో ముడి బిగించి, గుండిగలోకి నీళ్ళు పోయమని నాకు సైగ చేసింది.